తొమ్మిది రోజులు ముందుకు

మాలన్ హుజరేకి ఆ చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ల సర్వీసు. అందులో ఇరవై రెండేళ్లు ఒకే గోడ ముందు గడిచాయి. ఇంజనీరింగ్ ఆఫీసులో, చీఫ్ ఇంజనీరు శిర్కే సాహెబ్ గది బయట, కిటికీ పక్కనున్న గోడ అది. ఏటా వేసవి మొదట్లో గానుగాట ఆగిపోగానే ఆ గోడకి పన్నెండడుగుల కాగితం అంటించి, మళ్లీ గానుగ తిరిగే రోజుదాకా జరగాల్సిన మరమ్మతులన్నిటినీ గీతలుగా గీసేది. ఏ పని ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, దేని వెనక ఏది. ఆరు నెలల పని, ఆరేడు వందల గీతలు. ఆ గీతలకి కట్టుబడ్డ మనిషి ఆ ఫ్యాక్టరీలో ఇంతవరకు పుట్టలేదని ఆమె నమ్మకం.

కొల్హాపూర్‌కి పడమటగా, నది ఒడ్డున ఉన్న సహకార ఫ్యాక్టరీ అది. పేరు వేరే ఉన్నా చుట్టుపక్కల అందరూ ఇంగవలే ఫ్యాక్టరీ అనే అంటారు. చైర్మన్ దాదాసాహెబ్ ఇంగవలే, ఆయనకి ముందు ఆయన బాబాయి, అంతకు ముందు దాదాసాహెబ్ తండ్రి. మాలన్ తండ్రి అక్కడే బాయిలర్‌లో పిప్పి ఎగదోసేవాడు. ఆమె పదో తరగతి అయ్యాక టైపు నేర్చుకుని టైమాఫీసులో చేరింది.

కొత్త గానుగలు బిగించిన ఏడు ఆ పనుల వరసా తేదీలూ చూడడానికి పుణె నుంచి దేవధర్ అనే పెద్దాయన వచ్చాడు. ఒక సీజనంతా ఆయన ఉత్తరాలు మాలనే టైపు చేసింది. ఒకనాడు ఆమె టైపు చెయ్యాల్సిన కాగితం తీసుకెళ్లి ఆయన బల్లమీద పెట్టి, "సాహెబ్, మంగళవారం నాడు ఒకే క్రేను గానుగ షెడ్డులోనూ ఉంది, బాయిలర్ దగ్గరా ఉంది. ఏది తియ్యమంటారు?" అంది. ఆయన కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి ఆ కాగితం మళ్లీ చదివాడు. మర్నాడు టైపు మిషన్ పక్కకు నెట్టించి పెన్సిలు చేతికిచ్చాడు.

ఆయన చెప్పిన మాటలన్నీ ఇంగ్లీషువి. మాలన్ వాటికి తన సొంత పేర్లు పెట్టుకుంది. వందల పనుల్లో ఒక్క వరస ఉంటుంది, దానిమీద ఏ పని ఒక్క రోజు ఆగినా ఫ్యాక్టరీ మొత్తం ఒక్క రోజు ఆగుతుంది. దానికి ఆయువుపట్టు అని పేరు పెట్టింది. ఆ వరసలో లేని పనులు రెండు రోజులో నాలుగు రోజులో ఆలస్యమైనా కొంప మునగదు. ఆ జాగాకి వెసులుబాటు అంది. ఈ ఏడు ఏయే పనులు చేస్తాం, ఏవి చెయ్యం అని మొదట్లోనే గిరి గీసుకోవడాన్ని గట్టు వేసుకోవడం అంది. పక్కవాడి గట్టు రాత్రికి రాత్రి జానెడు జరిపే ఊళ్లలో ఆ మాట ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ మాటలు ఫోర్‌మన్‌లందరికీ నేర్పింది. జీవితంలో తాను చేసిన అతిపెద్ద పొరపాటు అదేనని తరవాత వాళ్లాయనతో అంటూ ఉండేది.

వాళ్లు నేర్చుకోలేదని కాదు బాధ. నేర్చుకున్నారు! బాయిలర్ ఫోర్‌మన్ భైరూ పాటోళే ఒకసారి వచ్చి, "హుజరే బాయీ, ఇటుకల పనికి నాలుగు రోజులు వెసులుబాటుందని నువ్వే గీశావు కదా. మా మేనల్లుడి పెళ్లి ఉంది, పోయొస్తా" అన్నాడు.

"కాకా, అది నీ సెలవు కాదు. నీ వెనకాల ముగ్గురున్నారు. ఆ నాలుగు రోజులూ నలుగురివీ."

"ముందున్నవాడిని నేనే కదా. విస్తరి నా ముందు పడింది, నేను తిన్నా."

పంపుల మనిషి పని మొదలుపెట్టకపోతే "గండం ఉందని మీరే రాసుకున్నారుగా బాయీ, అది వచ్చింది" అనేవాడు. ఆమె ఏటా మొదట్లో, ఏమేం అడ్డు రావచ్చో, వస్తే ఎవరేం చెయ్యాలో పట్టిక రాసి పెట్టేది. రెండో సగం ఎవరూ చదివేవాళ్లు కారు. ఇక శిర్కే సాహెబ్‌ది మరీ సుఖం. మైలురాయి అని ఆమె గుర్తుపెట్టిన తేదీ ఏదైనా తప్పిపోతే "మైలురాయిని కాస్త జరుపుదాం" అనేవాడు.

"మైలురాయి జరిపితే ఊరు దగ్గరవుతుందా సాహెబ్?" అని ఆమె అడిగితే, "నువ్వు మరీ మాటకి మాట బాయీ" అని నవ్వి టీ తెప్పించేవాడు. మంచి ఇంజనీరే, గానుగ చప్పుడు విని ఏ బేరింగు వేడెక్కిందో చెప్పగలడు. చైర్మన్ ఎదుట మాత్రం ఆయన నోట్లోంచి "అవును సాహెబ్" తప్ప ఇంకో మాట రాదు.

ఆ ఏడు ఆయువుపట్టు రెండో నంబరు బాయిలర్‌లో ఉంది. లోపలి గొట్టాలు సగానికి పైగా తీసి కొత్తవి వేయాలి. వేశాక బాయిలర్ ఇన్‌స్పెక్టరు వచ్చి నీటి ఒత్తిడి పెట్టి చూసి సంతకం పెట్టాలి. తరవాత ఇటుక గోడ. ఆ గోడ ఆరడానికి ఏడు రోజులు సన్నటి మంట. ఆ పైన ఆవిరి, ఆ పైన గానుగ. ఒకదాని తోక ఒకటి పట్టుకున్న వరస. మాలన్ లెక్కలో తొలి చెరకు మోపు నవంబరు నాలుగున పడాలి. ఆ తేదీ కింద నల్ల సిరాతో రెండు గీతలు గీసింది.

సెప్టెంబరు మధ్యలో ఒక సోమవారం శిర్కే సాహెబ్ చైర్మన్ బంగళానుంచి వచ్చి, కూర్చోకుండానే గోడవైపు వేలు చూపించాడు.

"బాయీ, ఆ నాలుగో తేదీని ఇరవయ్యారు చెయ్యి."

"ఏ ఇరవయ్యారు?"

"అక్టోబరు ఇరవయ్యారు. తొలి మోపు ఆ రోజే. మంత్రిగారు ఆ రోజే దొరికారు."

"మంత్రిగారు దొరికారు సరే, తొమ్మిది రోజులు ఎక్కడ దొరికాయి?"

"అదే నిన్నడుగుతున్నా. గీసింది నువ్వే కదా, చెరిపి మళ్లీ గియ్యి."

"గోడమీద చెరిపితే బాయిలర్‌లో పని అయిపోతుందా? మీరు చైర్మన్ గారితో కుదరదని చెప్పారా?"

శిర్కే సాహెబ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "ప్రయత్నిస్తామన్నాను."

"ప్రయత్నిస్తామన్నారా, అవునన్నారా?"

"అవునన్నట్టే ప్రయత్నిస్తామన్నాను."

మాలన్ నల్ల గీతలు చెరపలేదు. ఎర్ర పెన్సిలు తీసి వాటి పక్కనే వేరే గీతలు గీయడం మొదలుపెట్టింది. మొదట ఏమనుకున్నామో కళ్లెదుట ఉంటేనే ఎంత తప్పామో తెలుస్తుందని దేవధర్ చెప్పిన మాటని ఆమె ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. శిర్కే సాహెబ్‌కి మాత్రం ఆ నల్లగీతలు ఉన్నన్నాళ్లూ తన గది తలుపు తీసి బయటికి రావాలంటేనే చిరాకు.

ఇక ఆమె రోజుల వేటకి బయల్దేరింది. గానుగ షెడ్డులో బేరింగులు గీకి సరిచేసే పని రెండు షిఫ్టులు చేస్తే క్రేను ఖాళీ అయి బాయిలర్‌కి రెండు రోజులు దొరికాయి. చెరకు రసం కాచే గిన్నెల గొట్టాలు కడిగే కాంట్రాక్టరు ఇద్దరు మనుషుల్ని ఎక్కువ పెట్టుకుంటానంటే, అక్కడున్న ఫిట్టర్లు బాయిలర్‌కి ముందే వచ్చి ఒక రోజు. మిగతాది భైరూ కాకా దగ్గరే ఉంటుందని ఆమెకి అనుమానం. ఆయన బాయిలర్ కడుపులోంచి పాకుతూ బయటికి వచ్చేదాకా మెట్లమీద కూర్చుంది. మొహమంతా మసి, కనుబొమలమీద సున్నపు పొడి.

"కాకా, గొట్టాలకి పదమూడు రోజులు రాయించావు. నిజం చెప్పు, ఎన్ని పడతాయి?"

"పదమూడు."

"కాకా."

ఆయన తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "పది."

"మరి పదమూడు ఎందుకన్నావు?"

"పదంటే నువ్వు ఏడు చేస్తావని."

"నేనెప్పుడు చేశాను?"

"నువ్వు చెయ్యవు. నువ్వు శిర్కే సాహెబ్‌కి చూపిస్తావు, ఆయన చేస్తాడు. అందుకని అందరం మూడు కలిపి చెప్తాం. నీకు తెలీదా ఏంటి?"

తెలుసు. ఒక్కో ఫోర్‌మన్ ఎన్ని దాస్తాడో కూడా తెలుసు. తెలిసిన విషయాన్ని మొహంమీదే చెప్పేసరికి మాత్రం ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లుగా తాను గీసిన గీతల్లో నాలుగోవంతు భయమే అన్నమాట.

"సరే, ఆ మూడూ ఇచ్చెయ్. ఆ ఇటుక గోడ ఏడు రోజుల్లో ఏమైనా తగ్గుతుందా?"

"ఇటుకకి చైర్మన్ ఎవరో తెలీదు బాయీ. తొందరపెడితే పగులుతుంది. పగిలిందంటే మళ్లీ మొదటికి."

మొత్తం ఆరు రోజులు పోగయ్యాయి. మూడు తక్కువ. అక్టోబరు ఇరవై తొమ్మిది కంటే ముందు మోపు పడదు. అదీ అన్నీ సవ్యంగా జరిగితే. మాలన్ ఆ మాటే కాగితంమీద రాసి శిర్కే సాహెబ్‌కి ఇచ్చింది. ఆయన దాన్ని చదివి జేబులో పెట్టుకున్నాడు. అంతే.

అక్టోబరు మొదటివారంలో గట్టు జరగడం మొదలైంది. మంత్రిగారి కారు దిగేచోట నుంచి గానుగ షెడ్డుదాకా గచ్చు వేయాలన్నారు. సరే, అది తాపీవాళ్ల పని. వేదికమీద రేకుల పందిరి అన్నారు. తరవాత ఒక ఉదయం మాలన్ బాయిలర్ దగ్గరికి వెళ్లేసరికి నలుగురు వెల్డర్లలో ఇద్దరే ఉన్నారు. బాయిలర్ గొట్టాలు అతకడానికి పరీక్ష పాసైనవాళ్లు ఆ ఫ్యాక్టరీలో ఆ నలుగురే. మిగతావాళ్లెవరూ ఆ గొట్టాలమీద చెయ్యి వేయకూడదు, ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు.

"ఏరీ మిగతా ఇద్దరూ?"

భైరూ కాకా గేటువైపు గడ్డం ఎత్తి చూపించాడు. "స్వాగత తోరణం."

గేటు దగ్గర ముప్ఫై అడుగుల ఇనుప తోరణం నేలమీద పడుకుని ఉంది. రెండు వైపులా రెండు చెరకు గడలు, మధ్యలో చైర్మన్ తండ్రిగారి మొహం పెట్టడానికి గుండ్రటి చట్రం. ఇద్దరు వెల్డర్లూ ఆ చెరకు గడలకి ఇనుప ఆకులు అతుకుతున్నారు. పక్కనే కుర్చీలో దాదాసాహెబ్ ఇంగవలే కూర్చుని కొత్తిమీర, ఉల్లిపాయ కలిపిన మరమరాలు తింటున్నాడు. పెద్ద ఒళ్లు, తెల్ల టోపీ, ఎవరితోనైనా పొలం గట్టుమీద మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టం. మాలన్‌కి మాత్రం ఆ రోజు ఏ కష్టమూ లేదు.

"దాదాసాహెబ్, వీళ్లిద్దరూ నావాళ్లు."

"రా బాయీ, కూర్చో, ఇదిగో తిను. ఫ్యాక్టరీ అంతా నీదే, వీళ్లేం లెక్క?"

"తినడానికి రాలేదండీ. మీ తూర్పు పొలం పక్కన పవార్లు గట్టు జరిపారని మీరు మూడేళ్లు కోర్టుకి తిరిగారు కదా."

"తిరిగాను. నాలుగు వేళ్లు జరిపారు దొంగలు."

"మీరిప్పుడు నా గట్టు నాలుగడుగులు జరిపారు. మే నెలలో పనుల జాబితామీద సంతకం పెట్టింది మీరే. అందులో తోరణం లేదు, గచ్చు లేదు, పందిరి లేదు. కొత్త పని చేర్చాలంటే దానికి ఎన్ని రోజులు, ఎవరు, ఏ పని ఆపి చెయ్యాలో రాసి సంతకం పెట్టాలని పాత చైర్మన్ గారే రూలు పెట్టారు. అదీ లేదు. వీళ్లని ఇక్కడ రెండు రోజులు కూర్చోబెడితే బాయిలర్ రెండు రోజులు వెనక్కి పోతుంది."

"రెండు రోజులేగా."

"మీకు రెండు, శిర్కే సాహెబ్‌కి రెండు, ఇన్‌స్పెక్టరుగారికి రెండు. అందరూ రెండేసి తీసుకుంటే నేను గోడమీద ఏం గియ్యాలి, ముగ్గులా?"

ఆయన గట్టిగా నవ్వాడు. మంచి మాట విన్నప్పుడు ఆయన నవ్వి మర్చిపోతాడు, అదే ఆయనతో చిక్కు. అయినా ఒక వెల్డర్‌ని తిప్పి పంపాడు. రెండోవాణ్ణి ఉంచుకున్నాడు, ఎడమవైపు ఆకులు ఇంకా మిగిలాయి కనక.

మాలన్ తిరిగొచ్చి కొత్త లెక్క వేసింది. అక్టోబరు ముప్ఫై ఒకటి. ఆ సాయంత్రం ఒక ఉత్తరం రాసింది. ఇరవయ్యారున మంత్రిగారి చేత మోపు వేయించుకోండి, కానీ ఫ్యాక్టరీ ఆ రోజు నడవదు, అందుకని బీడ్ జిల్లానుంచి చెరకు కొట్టేవాళ్లని ముందుగా పిలవద్దు, నల్లగీత ప్రకారం నవంబరు నాలుగుకే రమ్మనండి అని. చెరకు శాఖకి ఒక ప్రతి, చైర్మన్ ఆఫీసుకి ఒకటి. రెండు ప్రతులూ 'చూశాను' అనే సంతకంతో తిరిగొచ్చాయి. చెరకు శాఖ అధికారిని అడిగితే, "పోస్టర్లమీద ఇరవయ్యారు అని ఉంది బాయీ. నేను పోస్టర్ చూడనా, నీ ఉత్తరం చూడనా?" అన్నాడు.

ఇంట్లోనూ శాంతి లేదు. భర్త శ్రీపతికి రెండెకరాల చెరకు. ఆయన ఫ్యాక్టరీలో సభ్యుడు, అందుకని జొన్న రొట్టె ముందు కూర్చున్నప్పుడల్లా సర్వసభ్య సమావేశం పెట్టేవాడు.

"ఇరవయ్యారున మొదలంట కదా. మన పొలానికి ఎప్పుడొస్తారు?"

"మొదలు కాదు."

"పేపర్లో వేశారే?"

"పేపరు గానుగ ఆడుతుందా?"

"నువ్వక్కడే పనిచేస్తావు, నాకు వాటా ఉంది, ఒక తేదీ చెప్పలేవా?"

"చెప్తూనే ఉన్నా. ఇరవై రెండేళ్లుగా తేదీలే చెప్తున్నా. ఇంట్లోవాడే నమ్మడు, ఇంక శిర్కే సాహెబ్‌ని అని ఏం లాభం?"

శ్రీపతి పచ్చిమిరప కారం కొంచెం వేసుకుని ఆ సమావేశాన్ని వాయిదా వేశాడు.

అక్టోబరు ఇరవయ్యారున అంతా పోస్టర్లో ఉన్నట్టే జరిగింది. తోరణం లేచింది. సన్నాయి మోగింది. మంత్రిగారు చెరకు మోపుకి పసుపు కుంకుమలు పెట్టి, మోపు ఎత్తి, గానుగకి చెరకు మోసే గొలుసుల పట్టాలమీద వేశారు. శిర్కే సాహెబ్ కనుసైగ చేస్తే ఒక మనిషి కరెంటు మీట నొక్కాడు. పట్టాలు ఇరవై అడుగులు కదిలి ఆగాయి. అవతల గానుగకి ఆవిరి లేదు, ఆవిరి రావలసిన బాయిలర్‌లో ఇటుక గోడ ఇంకా పచ్చిగానే ఉంది. పందిరి కింద కూర్చున్నవాళ్లకి అదేం కనిపించలేదు. చప్పట్లు కొట్టారు. మాలన్ ఆఫీసు కిటికీలోంచి ఆ మోపువైపే చూస్తూ నిలబడింది. సాయంత్రందాకా అది అక్కడే ఉంది. తరవాత ఎవరి మేకో దాన్ని కనిపెట్టింది.

ఆ మేక బీడ్‌నుంచి వచ్చినవాళ్లది. ఇరవై నాలుగునుంచే ట్రాక్టర్లు దిగడం మొదలైంది. నాలుగు వందల జంటలు, పిల్లలు, కోళ్లు, కుండలు, కొడవళ్లు. ఏటా ఉండే చోటే ఉన్నారు, చెరకు బళ్లు ఆగే మైదానం పక్కన నల్లరేగడి నేలలో, చాపలూ వెదురూ వంచి కట్టుకున్న గుడిసెల్లో. పని లేదు. ఇదిగో రేపు, అదిగో ఎల్లుండి అని చెరకు శాఖవాళ్లు చెబుతూ వచ్చారు.

ఇరవై ఏడు మధ్యాహ్నం వాన మొదలైంది. వేళ కాని వేళ వాన. ఆ రాత్రీ మర్నాడూ తెరిపి ఇవ్వలేదు. ఇరవై ఎనిమిది పొద్దున మాలన్ గొడుగు ముడిచి లోపలికి వస్తుంటే మెట్లమీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మోకాళ్లదాకా రేగడి. గోరఖ్ సానప్ అని, ఆ కూలీల ముఠామేస్త్రీల్లో ఒకడు.

"బాయీ, ఎవర్ని అడగాలో చెప్పండి. చెరకు ఆఫీసుకి వెళితే మేనేజరు దగ్గరికి పొమ్మన్నారు. మేనేజరు కొల్హాపూర్ వెళ్లారట. గేటు దగ్గర అడిగితే ఇంజనీరు ఆఫీసన్నారు. గుడిసెల్లో నీళ్లు. పొయ్యి వెలగడం లేదు. నిన్న రాత్రి పిల్లల్ని ట్రాక్టరు తొట్టి కింద పడుకోబెట్టాం."

"నేను మరమ్మతుల గీతలు గీసేదాన్ని దాదా. నన్నడిగితే ఏం లాభం?"

"అందరూ అదే అంటున్నారు, నేను ఫలానా మాత్రమే అని. మమ్మల్ని పిలిచినవాడెవడు మరి?"

మాలన్ అతన్ని వరండాలో కూర్చోమంది. లోపలికి వెళ్లి గోడ ముందు నిలబడింది. ఆరేడు వందల గీతలు. బేరింగులకి గీత ఉంది, సున్నానికి ఉంది, చిమ్నీ మీద దీపానికి కూడా ఉంది. ఈ ఎనిమిది వందల మంది మనుషులకి ఒక్క గీత లేదు. గండాల పట్టికలో 'వాన' అని తానే రాసింది. ఎదురుగా, 'పిప్పి కుప్ప తడవకుండా టార్పాలిన్లు కప్పాలి' అని. అంతే రాసింది. ఇన్నాళ్లూ అందరిమీదా విసుక్కున్న మనిషికి ఆ నిమిషంలో తనమీద వచ్చిన విసుగు మరీ ఎక్కువ.

వేలితో గీతలు వెతుకుతూ కిందికి వెళ్లింది. మూడో గోడౌన్. చక్కెర బస్తాలు మొదట ఒకటో గోడౌన్‌కి, నిండాక రెండోదానికి, ఆ తరవాతే మూడోదానికి. గానుగాట ఎప్పుడు మొదలైనా అక్కడినుంచి పన్నెండు రోజులదాకా మూడో గోడౌన్‌లో అడుగుపెట్టే బస్తా ఉండదు. గచ్చు నేల, రేకుల కప్పు, నాలుగు వైపులా గోడలు.

శిర్కే సాహెబ్ గది తలుపు తోసి, కూలీలని అందులో ఉంచుదామని చెప్పింది. ఆయన ఫైలులోంచి తలెత్తలేదు.

"బాయీ, నేనిది విన్నట్టు లేదు."

"మీరు వినలేదు. నేను చెప్పాను."

గోడౌన్ కీపర్‌కి తాళంచెవి ఇవ్వడానికి చేతులు రాలేదు. "మంత్రిగారికి చూపించడానికని మొన్ననే సున్నం కొట్టించాం. మేకలు, కోళ్లు... చక్కెర వస్తే ఎక్కడ పెట్టను?"

"ఎక్కడి చక్కెర? ఆవిరే లేదు. ఆవిరి వచ్చినా పొలాల్లోకి బండి దిగదు. ఇదిగో కాగితం, నవంబరు మధ్యదాకా నీ గోడౌన్‌కి పని లేదు."

"ఆర్డరుందా?"

"రాస్తా, ఇలా ఇవ్వు పెన్ను."

"ఆర్డరివ్వడానికి నీకు అధికారం ఉందా బాయీ?"

"లేదు. అధికారం ఉన్నవాళ్లు కొల్హాపూర్‌లో ఉన్నారు. పేరు రాసి సంతకం పెడుతున్నా, రేపెవరైనా అడిగితే నా పేరు చెప్పు. నీకేం, నువ్వు కీపర్‌వి మాత్రమే."

మధ్యాహ్నానికి మూడో గోడౌన్ నిండింది. భైరూ కాకా ఎవరూ అడక్కుండానే బాయిలర్ దగ్గర పోగుపడ్డ పాత చెక్క పలకలు రెండు బళ్లు పంపాడు, పొయ్యిల కింద పెట్టుకోవడానికి. గోడల వెంట కుండలు వరస తీరాయి. ఒక ముసలామె తడిసిన చీర పిండుతూ మాలన్‌ని ఎగాదిగా చూసి, "నువ్వేనా తాయీ ఆఫీసరమ్మవి? ఈ ఇల్లేదో వచ్చిన రోజే ఇవ్వలేకపోయారా?" అంది. మాలన్ ఆ చీర రెండో కొస పట్టుకుని పిండింది. ఆమె అడిగింది న్యాయమే.

వాన అయిదు రోజులు కురిసింది. బాయిలర్ ఆమె చెప్పినట్టే ముప్ఫై ఒకటిన సిద్ధమైంది. కానీ పొలాలు దిగబడుతున్నాయి. నవంబరు ఏడుదాకా ఒక్క బండి కూడా చెరకుతో రాలేదు. ఏడున గానుగ తిరిగింది, బీడ్ జంటలు తెల్లవారుజామునే కొడవళ్లతో పొలాలకి వెళ్లాయి, ఆ సాయంత్రానికి గోడౌన్ ఊడ్చి తాళం అప్పగించారు. గోడలమీద మసి మాత్రం మిగిలింది.

నెలాఖరున సమీక్ష మీటింగు. ఏది తప్పాం, వచ్చే ఏడు ఏం మార్చుకోవాలి అని రాసుకునే ఆ మీటింగు కోసం మాలన్ ఏటా పోట్లాడేది. ఈసారి ఎనిమిది పేజీలు రాసుకుని వెళ్లింది. కూలీలని పిలిచే తేదీని బాయిలర్ తేదీకి కట్టాలని, వాళ్ల నివాసానికి పనుల జాబితాలో చోటుండాలని, ఫోర్‌మన్‌లు చెప్పిన రోజుల్ని పైన ఎవరూ కత్తిరించకూడదని. మూడో పేజీ దగ్గర భోజనాలు వచ్చాయి. మినిట్స్‌లో మాత్రం ఇలా ఉంది: 'చైర్మన్ గారి ముందుచూపు వల్ల ఈ ఏడు మరమ్మతులు చెరకు రావడానికి ఏడు రోజుల ముందే పూర్తయ్యాయి. సభ హర్షం వ్యక్తం చేసింది.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. రోజుల లెక్కలో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

డిసెంబరులో మెమో వచ్చింది. అనుమతి లేకుండా గోడౌన్ తెరిపించినందుకూ సున్నం పాడైనందుకూ మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. మాలన్ అదే రోజు జవాబు టైపు చేసింది. 'మూడో గోడౌన్ నవంబరు పంతొమ్మిదిదాకా ఖాళీ. మనం పిలిపించిన మనుషులు అక్టోబరు ఇరవై ఏడునుంచి వానలో ఉన్నారు. తాళం నేనే తీయించాను. చేయవలసిన పని వేరే ఏదైనా ఉండి ఉంటే, అది ఎవరి పనో రాసి పంపగోరుతాను.' దానికి తిరుగు జవాబు రాలేదు. ఆ మెమోని వెనక్కి తీసుకోలేదు, ముందుకూ నడపలేదు. ఆమె సర్వీసు పుస్తకంలో అది అలాగే పడి ఉంది.

మరుసటి ఏడు ఆగస్టులో, ఇంకా వినాయకుడి పందిళ్లు వేయకముందే, శిర్కే సాహెబ్ గదిలోంచి బయటికి వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. చేతిలో ఫోను, దానికి అరచెయ్యి అడ్డం పెట్టి ఉంది.

"బాయీ, దాదాసాహెబ్ లైన్లో ఉన్నారు. మంత్రిగారి పీయే తేదీ అడుగుతున్నాడట. ఏ తేదీ చెప్పమంటావు?"

మాలన్‌కి తన చెవుల్ని తాను నమ్మబుద్ధి కాలేదు. ఇరవై మూడేళ్లలో మొదటిసారి, తేదీ ఇచ్చేయకముందు అడిగారు.

"నవంబరు ఎనిమిది. దానికంటే ఒక్క రోజు ముందు కూడా కాదు. కూలీలని ఆరుకి పిలవండి, అంతకు ముందు వద్దు. మూడో గోడౌన్ వాళ్లకని ఈసారి జాబితాలోనే రాశాను."

"ఎనిమిది. సరే." ఆయన అరచెయ్యి తీశాడు. "సాహెబ్, హుజరే బాయి లెక్క ప్రకారం నవంబరు మూడు."

మాలన్ కుర్చీలోంచి లేచింది. ఆయన ఆమెవైపు చూడకుండా రెండో చేత్తో ఆగమన్నట్టు సైగ చేస్తూ ఫోనులో అన్నాడు: "అవును సాహెబ్. మూడే. ఖాయం."